గుడారం వెలుపల, గుడారం లోపల: క్రిమియా, లక్నో యుద్ధరంగాలలో విలేఖరి – సైన్యాధికారం (1854–1858)

వ్యాససంగ్రహం

క్రిమియా యుద్ధంలోను, 1858 నాటి లక్నో దండయాత్రలోను లండన్ 'ది టైమ్స్' పత్రికకు ఒకే విలేఖరి వార్తలు రాశాడు. మొదటి యుద్ధంలో సైన్యం అతణ్ణి దూరం పెట్టింది. రెండవదానిలో సర్వసేనాని అతణ్ణి తన శిబిరంలోకి ఆహ్వానించాడు. ఈ రెండు సందర్భాలను పక్కపక్కన ఉంచి చూసినప్పుడు, యుద్ధకాలంలో పత్రికకు, సైన్యానికి మధ్య ఏర్పడే ఘర్షణలో రహస్యరక్షణ పాలు ఎంత, పరువురక్షణ పాలు ఎంత అన్నది స్పష్టమవుతుంది. ఈ ఘర్షణలో మూడవ పక్షమైన ప్రభుత్వం పోషించిన పాత్రను, అదే కాలంలో భారతీయ సంపాదకులకు ఎదురైన వేరొక న్యాయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: యుద్ధవిలేఖరి, సెన్సారు, ది టైమ్స్, విలియం హోవర్డ్ రసెల్, రాగ్లన్, కాలిన్ కాంప్‌బెల్, 1857 తిరుగుబాటు, ముద్రణాలయాల లైసెన్సు చట్టం.

1. ఆలస్యంగా వచ్చిన ఉత్తరువు

1856 ఫిబ్రవరి 25న క్రిమియాలోని బ్రిటిష్ సేనల అధిపతి సర్ విలియం కోడ్రింగ్టన్ ఒక ఉత్తరువు జారీ చేశాడు. శత్రువుకు ఉపయోగపడగల వివరాలను పత్రికలలో ప్రకటించరాదని, ఈ నియమాన్ని మీరిన విలేఖరిని యుద్ధరంగం నుండి వెళ్లగొట్టే అధికారం సైన్యానికి ఉంటుందని దాని సారాంశం. బ్రిటిష్ సైన్యంలో ఆధునిక సెన్సారు విధానానికి దీనిని తొలి పత్రంగా చరిత్రకారులు పరిగణిస్తారు. విచిత్రమేమంటే, ఆ ఉత్తరువు వెలువడిన రోజునే యుద్ధాన్ని ముగించడానికి పారిస్‌లో శాంతి మహాసభ ప్రారంభమైంది. సెవస్తోపోల్ పతనమై అప్పటికి అయిదు నెలలు దాటింది. శత్రువు నుండి దాచవలసిన ముట్టడి గాని, దాడి పథకం గాని క్రిమియాలో మిగిలి లేవు. నెల తిరిగేసరికి, మార్చి 30న, సంధి మీద సంతకాలు కూడా జరిగిపోయాయి.

రహస్యాలు నిజంగా ఉన్న రోజులలో, అంటే 1854 శరత్కాలం నుండి మరుసటి ఏడాది వేసవి దాకా, ఇటువంటి ఉత్తరువు రాలేదు. దాచడానికి ఏమీ మిగలని రోజున వచ్చింది. ఈ తారుమారును కేవలం అధికారయంత్రాంగపు మందకొడితనంగా కొట్టివేయవచ్చు. కాని సైన్యం నిజంగా భయపడినది దేనికి అని ప్రశ్నించుకొంటే, ఆ తేదీ మరికొంత చెబుతుంది. 1856 నాటికి బ్రిటిష్ సేనాధికారులు నేర్చుకొన్న పాఠం రష్యా గూఢచారులకు సంబంధించినది కాదు. లండన్ పాఠకులకు, పార్లమెంటుకు సంబంధించినది.

2. పిలవని అతిథి

ఐర్లండుకు చెందిన విలియం హోవర్డ్ రసెల్‌ను 'ది టైమ్స్' సంపాదకుడు జాన్ డిలేన్ 1854 ఫిబ్రవరిలో గార్డ్స్ దళాల వెంట మాల్టాకు పంపాడు. అప్పటికి బ్రిటన్ యుద్ధం ప్రకటించనే లేదు. త్వరలోనే తిరిగి రావచ్చునన్న అంచనాతో బయలుదేరిన రసెల్ దాదాపు రెండేళ్లు ఆ పనిమీదనే ఉండిపోయాడు. అతణ్ణి మొట్టమొదటి యుద్ధవిలేఖరిగా పేర్కొనడం పరిపాటి. ఇది పూర్తిగా సరికాదు. నెపోలియన్ యుద్ధాల కాలంలోనే 'ది టైమ్స్' హెన్రీ క్రాబ్ రాబిన్సన్‌ను స్పెయిన్‌కు పంపింది. అయితే రాబిన్సన్ సైన్యంతో కలిసి నడిచినవాడు కాడు. సేనల వెంట నడుస్తూ, వాటి భోజనాన్నీ బురదనూ పంచుకొంటూ, వారం వారం లేఖలు పంపే విలేఖరి బ్రిటిష్ సైన్యానికి కొత్త.

ఆ కొత్త మనిషిని ఏం చేయాలో సైన్యానికి తెలియలేదు. సేనాధిపతి లార్డ్ రాగ్లన్ వాటర్లూ యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకొన్న వృద్ధుడు. దశాబ్దాల పాటు వెల్లింగ్టన్ డ్యూక్‌కు కార్యదర్శిగా పనిచేసినవాడు. ఇంగ్లీషు పత్రికలు తన సేనల కదలికలను బయటపెడుతున్నాయని వెల్లింగ్టన్ స్పెయిన్ నుండి చేసిన ఫిర్యాదులు అతనికి కొత్తవి కావు. అయినా రాగ్లన్ రసెల్‌ను నిషేధించలేదు. అలాగని స్వీకరించనూ లేదు. శిబిరంలో అతనికొక స్థానాన్ని కల్పించలేదు, సమాచారమివ్వలేదు. రాగ్లన్ తనతో ఏనాడూ మాట్లాడలేదని రసెల్ తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు.

మర్యాదస్థుడైన ఒక సేనాని పిలవని అతిథిని చూడనట్టు నటించడమే ఈ వైఖరి సారం. దాని ఫలితం మాత్రం రాగ్లన్ ఊహించినది కాదు. సేనాధిపతి గుడారంలో ప్రవేశం లేని విలేఖరి తన వార్తల కోసం కింది ఉద్యోగుల దగ్గరికి, వైద్యుల దగ్గరికి, ముట్టడి కందకాల నుండి తిరిగివచ్చే సైనికుల దగ్గరికి వెళ్లాడు. పోరు ముగిసిన తరువాత పాల్గొన్నవారిని ఒక్కొక్కరినే అడిగి విషయం సేకరించడం అతని పద్ధతి అయింది. పథకాల గురించి అతనికి తెలిసినది తక్కువ. పథకాలు మనుషుల మీద ఎలా పనిచేశాయన్నది తెలిసినది ఎక్కువ. పైనుండి కాక కింది నుండి సైన్యాన్ని చూసే ఆ దృష్టికోణాన్ని రసెల్ సిద్ధాంతరీత్యా ఎన్నుకోలేదు. సామాజికంగా అతడు అధికారుల భోజనశాలలోనే సుఖపడే మనిషి. ఆ దృష్టికోణాన్ని అతనికి ప్రసాదించినది రాగ్లన్ మౌనమే.

3. ఓడరేవుకు, శిబిరానికి నడుమ

1854 సెప్టెంబరు 14న మిత్రసేనలు క్రిమియా తీరంలో దిగాయి. 20న ఆల్మా నది వద్ద గెలిచాయి. అక్టోబరు 25న బాలక్లావా, నవంబరు 5న ఇంకర్మన్ పోరాటాలు జరిగాయి. బాలక్లావాలో లైట్ బ్రిగేడ్ అశ్వదళం ఫిరంగుల కెదురుగా చేసిన ఆత్మహత్యాసదృశమైన దాడిని వర్ణించిన రసెల్ లేఖ నవంబరు 14న లండన్‌లో అచ్చయింది. సరిగ్గా అదే రోజున క్రిమియా తీరాన్ని పెనుతుపాను కుదిపివేసింది. చలికాలపు దుస్తులు మోసుకొచ్చిన 'ప్రిన్స్' నౌక మరికొన్ని సరఫరా నౌకలతో పాటు మునిగిపోయింది. అశ్వదళపు శౌర్యాన్ని లండన్ చదువుతున్న గంటలలో సైన్యం తన కంబళ్లను కోల్పోయింది.

ఆ చలికాలపు విపత్తుకు తుపాను ఒక్కటే కారణం కాదు. బాలక్లావా రేవు నుండి సెవస్తోపోల్ ఎదుటనున్న శిబిరాలకు దూరం కొద్ది మైళ్లే. కాని వర్షాలకు ఆ దారి మోకాటి లోతు బురద అయింది. మేత లేక గుర్రాలు చనిపోయాయి. రేవులో సరుకు పేరుకొని ఉండగా, పైన మైదానంలో సైనికులు చలికి, ఆకలికి, కలరాకు, విరేచనాలకు బలి అయ్యారు. కాఫీ గింజలను వేయించకుండా పచ్చివే పంచిపెట్టారు. వాటిని వేయించడానికి కట్టెలు లేవు, పొడి చేయడానికి సాధనాలు లేవు. స్కర్వీ వ్యాధిని అరికట్టే నిమ్మరసం బాలక్లావా గిడ్డంగిలో వారాల తరబడి ఉండిపోయింది. అడగవలసిన పత్రం మీద అడగవలసినవారు అడగలేదు. యుద్ధం ముగిసేసరికి బ్రిటిష్ మృతుల సంఖ్య 20 వేలు దాటింది. వారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మందిని చంపినది శత్రువు ఆయుధం కాదు, వ్యాధి.

ఈ విషయాలను బయటపెట్టినది రసెల్ ఒక్కడే అన్నట్టుగా తరువాతి తరాలు చెప్పుకొన్నాయి. వాస్తవం మరింత విస్తృతమైనది. 'డెయిలీ న్యూస్' పత్రికకు ఎడ్విన్ గాడ్కిన్ రాశాడు. స్కుటరి ఆసుపత్రిలో కట్టుగుడ్డలు సైతం కరువైన దుస్థితిని కాన్‌స్టాంటినోపుల్ నుండి వెల్లడించినవాడు 'ది టైమ్స్' పత్రికకే చెందిన థామస్ చెనరీ. 1854 అక్టోబరు రెండవ వారంలో అచ్చయిన అతని లేఖలే ఫ్లోరెన్స్ నైటింగేల్ ప్రయాణానికి దారితీశాయి. ఆమె 38 మంది స్త్రీలతో అక్టోబరు 21న లండన్ నుండి బయలుదేరింది. వీటన్నిటికి మించి, క్రిమియాలోని అధికారులు ఇళ్లకు రాసుకొన్న ఉత్తరాలను బంధువులు పత్రికలకు ఇచ్చారు. విలేఖరిని వెళ్లగొట్టినంత మాత్రాన ఆ ప్రవాహం ఆగేది కాదు. సైన్యం మాట్లాడుతున్నది, విలేఖరి విన్నవాడు మాత్రమే.

4. రహస్యమనే వాదం

రాగ్లన్ ఫిర్యాదు నిరాధారమైనదని కొట్టివేయడం చరిత్రకు న్యాయం కాదు. 1854 నవంబరు 13న యుద్ధమంత్రి న్యూకాసిల్ డ్యూక్‌కు అతడు రాసిన లేఖ, అక్టోబరు 23 నాటి 'ది టైమ్స్' సంచికను ప్రస్తావిస్తూ, సేనల స్థానాలు, ఫిరంగులు, మందుగుండు గురించిన వివరాలు శత్రువుకు అందాయని ఆక్షేపించింది. ఆ ఆక్షేపణలో బలముంది. క్రిమియా నుండి లేఖ లండన్ చేరి అచ్చుకావడానికి సుమారు మూడు వారాలు పట్టేది. అచ్చయిన తరువాత సారాంశం తంతి మార్గాన రష్యాకు చేరడం అసాధ్యం కాదు. కదిలే యుద్ధంలో మూడు నాలుగు వారాల నాటి వార్తకు విలువ ఉండదు. కాని సెవస్తోపోల్ వద్ద సైన్యం కదలలేదు. ఏ ఫిరంగి ఎక్కడ ఉన్నదో అక్టోబరులో ఎంత నిజమో నవంబరులోనూ అంతే నిజం. రసెల్‌ను మెచ్చుకొనే రచనలు ఈ అంశాన్ని సాధారణంగా తేలికచేసి పోతాయి.

డిలేన్‌కు ఈ సమస్య తెలియకపోలేదు. తాను చూస్తున్నది చెప్పాలా, నోరు మూసుకోవాలా అని రసెల్ అడిగినప్పుడు, చూసినదంతా రాయమని, ప్రమాదకరమైన వ్యాఖ్యానం చేసే భారం లండన్‌లో క్షేమంగా ఉన్న తమకు వదలమని అతడు బదులిచ్చాడు. రసెల్ ఏకాంత లేఖలలో కొన్నిటిని అచ్చువేయకుండా మంత్రులకు చూపించాడు. అంటే సెన్సారు అధికారిని ప్రభుత్వం నియమించక ముందే ఆ పనిని సంపాదకుడు తన పద్ధతిలో చేస్తున్నాడు. ఏది ప్రజలకు, ఏది మంత్రులకు అన్నది నిర్ణయిస్తున్నాడు. న్యూకాసిల్ పత్రికల సంపాదకులకు జాగ్రత్త పాటించమని లేఖ రాశాడే గాని నిషేధించలేదు. నిషేధించే చట్టం లేదు.

1855 జనవరి నాటికి రాగ్లన్ స్వరం మారింది. రష్యా చక్రవర్తి జీతమిచ్చి పెట్టుకొన్న ప్రతినిధి కూడా యూరపులో అత్యధిక ప్రచారంగల ఆ పత్రిక విలేఖరి కంటే బాగా తన ప్రభువుకు సేవ చేయలేడన్న అర్థంలో అతడు మంత్రికి రాశాడు. ఈ రెండు లేఖల నడుమ దూరం రెండు నెలలే. నవంబరు లేఖలోని నేరం ఫిరంగుల స్థానాలకు సంబంధించినది. జనవరి నాటికి పత్రికలలో వస్తున్నది ఎక్కువగా కాఫీ గింజల కథ, కంబళ్ల కథ, ఆసుపత్రుల కథ. సైన్యం క్షీణించిందన్న వార్త కూడా శత్రువుకు ఉపయోగకరమే అన్న సమాధానం ఉంది, అది తర్కసహమే. అయితే ఆ తర్కాన్ని చివరిదాకా పొడిగిస్తే, ఆకలితో ఉన్న సైన్యం గురించి ఆకలి తీరేదాకా ఎవరికీ చెప్పకూడదు. చెప్పకపోతే ఆకలి తీర్చవలసినవారికి తెలిసే దారి సైన్యపు అధికార నివేదిక ఒక్కటే. రాగ్లన్ నివేదికలలో ఆ ఆకలి ఉండవలసిన మేరకు కనిపించలేదు.

5. మూడవ పక్షం

పత్రిక, సైన్యం అనే రెండు పక్షాల పోరుగా ఈ ఘట్టాన్ని చెప్పడంలో ఒక లోపముంది. మంత్రివర్గాన్ని మరచిపోవడమే ఆ లోపం. యుద్ధనిర్వహణపై విచారణ సంఘం వేయాలని జాన్ రోబక్ ప్రతిపాదించిన తీర్మానం 1855 జనవరి 29న కామన్స్ సభలో 305–148 ఓట్లతో నెగ్గింది. అబర్డీన్ ప్రభుత్వం రాజీనామా చేసింది. పామర్‌స్టన్ ప్రధాని అయ్యాడు; న్యూకాసిల్ స్థానంలో లార్డ్ పాన్‌మ్యూర్ వచ్చాడు. పాన్‌మ్యూర్ చేసిన తొలి పనులలో ఒకటి రాగ్లన్‌ను మందలిస్తూ లేఖ పంపడం. సైనికుల దుస్థితిని సేనాధిపతి సరిగా తెలియజేయలేదని అందులో నింద. పత్రికలు రేపిన ఆగ్రహం మంత్రులను దించింది. కొత్త మంత్రులు ఆ ఆగ్రహాన్నే సేనాధిపతి మీదికి మళ్లించారు. 1855 జూన్ 28న రాగ్లన్ క్రిమియాలోనే మరణించాడు.

సరఫరా వ్యవస్థను పరిశీలించడానికి వెళ్లిన సర్ జాన్ మెక్‌నీల్, కర్నల్ టలక్ విచారణ చాలామేరకు పత్రికలు రాసినదానినే ధ్రువపరచింది. దానికి సైన్యం స్పందన ఏమిటి? 1856లో చెల్సీలో సమావేశమైన సేనానుల మండలి, ఆ నివేదికలో విమర్శకు గురైన అధికారులను నిర్దోషులుగా ప్రకటించింది. కోడ్రింగ్టన్ ఉత్తరువు, చెల్సీ మండలి తీర్పు ఒకే ఏడాదికి చెందినవి కావడం యాదృచ్ఛికం అనిపించదు. ఒకటి రానున్న విమర్శకులకు ద్వారం మూసింది. మరొకటి జరిగిన విమర్శను తుడిచివేసింది.

క్రిమియా ఛాయాచిత్రాలకు పేరుగాంచిన రోజర్ ఫెంటన్‌ను రసెల్‌కు ప్రతిగా ప్రభుత్వమే పంపిందన్న వాదం తరచు వినిపిస్తుంది. అతణ్ణి పంపినది చిత్రపటాలు ప్రచురించి అమ్మే మాంచెస్టర్‌కు చెందిన ఆగ్న్యూ సంస్థ. 1855 మార్చి నుండి జూన్ దాకా అతడు తీసిన సుమారు 360 చిత్రాలలో శవాలు లేవు, స్కుటరి లేదు. ఆనాటి కెమెరాకు కదలిక పట్టుబడదు, నిజమే, శవాలు కదలవు. రాజకుటుంబపు ఆదరణ ఉన్నవాడు, ప్రతులను గౌరవనీయ గృహస్థులకు అమ్మవలసినవాడు తీయదగినవే తీశాడు. సెన్సారు అధికారి లేకుండానే దృశ్యం శుభ్రపడిందనడానికి ఇది ఉదాహరణ. రసెల్‌కు రాగ్లన్ చూపని ఆతిథ్యం ఫెంటన్‌కు దొరికింది.

6. లక్నో దారిలో

1858 జనవరి చివర రసెల్ కలకత్తాలో దిగాడు. తిరుగుబాటు సిపాయిలు ఇంగ్లీషు స్త్రీలను, పిల్లలను అంగచ్ఛేదం చేశారన్న కథలతో అప్పటికి ఇంగ్లండు ఊగిపోతున్నది. ఆ కథలలో నిజమెంతో తేల్చుకోవడం డిలేన్ అతనికి అప్పగించిన పనులలో ఒకటి. సర్వసేనాని సర్ కాలిన్ కాంప్‌బెల్ అతణ్ణి కాన్పూరు వద్ద ఆదరించాడు. రాగ్లన్ చేయనిదంతా కాంప్‌బెల్ చేశాడు. ప్రధాన శిబిరంలో చోటిచ్చాడు. పథకాలు, నివేదికలు తెలియజేస్తానన్నాడు. ఒకే ఒక్క షరతు: ఇంగ్లండుకు రాసే లేఖలలో తప్ప వాటిని శిబిరంలో ఎవరితోనూ ప్రస్తావించకూడదు.

ఈ షరతు రాగ్లన్ వాదాన్ని తలకిందులు చేస్తుంది. రాగ్లన్‌కు ప్రమాదం లండన్‌లో అచ్చయ్యే పత్రిక; కాంప్‌బెల్‌కు ప్రమాదం శిబిరంలోని మాట. లేఖ లండన్‌కు చేరి పత్రికగా తిరిగిరావడానికి నెలలు పట్టే చోట అచ్చు వలన హాని లేదు. భోజనబల్ల దగ్గర ఆడిన మాట మాత్రం నౌకర్ల ద్వారా సాయంత్రానికే బజారు చేరగలదు. అంటే రహస్యమనేది వార్తకు సహజంగా అంటిపెట్టుకొన్న గుణం కాదు. కాలం, దూరం, వినేవారు ఎవరన్న దానిని బట్టి మారే లెక్క. కాంప్‌బెల్ ఆ లెక్క సరిగా వేశాడు. అతనికి మరొక కారణం కూడా ఉంది. బాలక్లావా వద్ద రష్యా అశ్వదళాన్ని నిలువరించిన హైలాండ్ సైనికులకు సేనాని అతడే. ఆ పలుచని ఎర్ర వరుస ఇంగ్లీషు జ్ఞాపకంలో నిలిచిపోవడానికి కారణం రసెల్ లేఖ. విలేఖరి వలన నష్టపోయిన సేనాని ఒకడు, కీర్తి పొందిన సేనాని మరొకడు.

ఆతిథ్యం రసెల్ కలాన్ని కట్టివేసిందా? కాంప్‌బెల్ యుద్ధవ్యూహాన్ని అతడు రాగ్లన్‌ను విమర్శించినంతగా విమర్శించలేదు. కాని సైన్యపు నడతపై అతని లేఖలు మెత్తబడలేదు. 1858 మార్చిలో లక్నో పట్టుబడినప్పుడు కైసర్‌బాగ్ కొల్లగొట్టబడిన తీరును అతడు వర్ణించాడు. అంగచ్ఛేదపు కథలకు ఆధారాలు దొరకలేదని రాశాడు. కాన్పూరు బీబీఘర్ గోడల మీద హతులైన స్త్రీలు ప్రతీకారం కోరుతూ రాసినట్టు ప్రచారంలో ఉన్న రాతలు, హేవ్‌లాక్ సేనలు ఆ ఇంట్లో ప్రవేశించిన తరువాతే పుట్టాయని గుర్తించాడు. హత్యాకాండ నిజం, గోడమీది రాత కల్పితం. ఆ రాతను చూసి చంపడానికి బయలుదేరినవారు మాత్రం నిజమైనవారు.

1860లో ప్రచురించిన తన భారత దినచర్యలో అతడు నమోదు చేసిన ఒక ఉదంతం మదరాసు ప్రెసిడెన్సీకి సంబంధించినది. 1857 వేసవిలో కర్నల్ నీల్ అలహాబాదు నుండి ముందుగా పంపిన మేజర్ రెనో దళం రెండు రోజులలో దారిపక్కన 42 మందిని ఉరితీసిందని, వారిలో 12 మందిని తమకు ఎదురైనప్పుడు ముఖాలు మరోవైపు తిప్పుకొన్నారన్న కారణంగానే చంపిందని ఆ దళంతో ఉన్న ఒక అధికారి రసెల్‌కు చెప్పాడు. నీల్, రెనో ఇద్దరూ మదరాసు ఫ్యూజిలియర్స్ అనే తెల్లవారి దళానికి చెందినవారు. నీల్ విగ్రహం చెన్నపట్టణం మౌంట్ రోడ్డులో నిలిచింది. 1927లో దాని తొలగింపు కోసం సత్యాగ్రహం జరిగింది. 1937లో రాజాజీ మంత్రివర్గం దానిని అక్కడి నుండి తీసివేయించింది. రసెల్ గ్రంథం అచ్చయి అప్పటికి 77 ఏళ్లు.

ఇక్కడ కాలక్రమాన్ని గమనించాలి. రెనో దళపు ఉరితీతలు జరిగినది 1857లో. రసెల్ వచ్చినది 1858లో. ఆ ఉరితీతల దారిలో నడిచిన విలేఖరి లేడు. లండన్‌లో ప్రతీకార ఘోష తగ్గడానికి అతని లేఖలు తోడ్పడ్డాయి, అది నిస్సందేహంగా గొప్ప పని. అయితే సైన్యం అతణ్ణి లోపలికి పిలిచే నాటికి చూడకూడనిదానిలో అధికభాగం గడిచిపోయింది.

7. ఆతిథ్యం లేనివారు

రసెల్ కలకత్తాలో దిగడానికి ఏడు నెలల ముందు, 1857 జూన్ 13న, గవర్నర్ జనరల్ కానింగ్ ప్రభుత్వం ముద్రణాలయాలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఏడాది కాలానికి ఉద్దేశించిన ఆ చట్టం మదరాసు, బొంబాయి ప్రాంతాలకూ వర్తించింది. అప్పటి తెలుగు ముద్రణకు కేంద్రమైన చెన్నపట్టణం కూడా దాని పరిధిలోకి వచ్చింది. ఇంగ్లీషు పత్రికలకు, దేశీయ పత్రికలకు తేడా లేకుండా చట్టం ఒకటే అన్నందుకు కలకత్తా తెల్లవారు కానింగ్‌పై మండిపడ్డారు. ప్లాసీ యుద్ధ శతాబ్ది సందర్భంగా రాసిన వ్యాసానికి 'ఫ్రెండ్ ఆఫ్ ఇండియా' హెచ్చరిక అందుకొన్నది.

కాగితం మీది సమానత్వం ఆచరణలో నిలవలేదు. ఆ జూన్‌లోనే 'దూర్బీన్', 'సుల్తాన్ ఉల్ అఖ్బార్', 'సమాచార్ సుధావర్షణ్' పత్రికలపై రాజద్రోహపు అభియోగాలు మోపారు. ఢిల్లీలో 'దిహ్లీ ఉర్దూ అఖ్బార్' స్థాపకుడు మౌల్వీ ముహమ్మద్ బాకర్ తిరుగుబాటు నెలలలో ఆ పత్రికను చక్రవర్తి జఫర్ పేరిట నడిపాడు. 1857 సెప్టెంబరులో ఢిల్లీ పట్టుబడిన తరువాత బ్రిటిష్ సైన్యం అతణ్ణి చంపివేసింది. ఢిల్లీ కళాశాల ప్రిన్సిపాల్ టేలర్ మరణానికి సంబంధించిన ఆరోపణ అతనిపై ఉన్నమాట వాస్తవమే. న్యాయస్థానమనదగిన విచారణ ఏదీ జరగలేదన్నదీ వాస్తవమే. అతని కుమారుడే తరువాత 'ఆబె హయాత్' రచించిన ముహమ్మద్ హుసేన్ ఆజాద్.

బాకర్‌ను, రసెల్‌ను ఒకే వాక్యంలో పెట్టడానికి అభ్యంతరం ఉండవచ్చు. ఒకడు పోరులో ఒక పక్షానికి గొంతు ఇచ్చినవాడు, మరొకడు పరిశీలకుడు. కాని రసెల్ కూడా ఒక పక్షపు శిబిరంలోనే భోంచేశాడు. పరిశీలకుడన్న గౌరవం అతనికి దక్కడానికి అతని నిష్పాక్షికత ఎంత కారణమో, అతని జాతి, అతని పత్రిక వెనుకనున్న ఓటర్లు అంత కారణం. మంత్రివర్గాలను దించగల పాఠకులు 'ది టైమ్స్'కు ఉన్నారు. ఉర్దూ పత్రిక పాఠకులకు దించడానికి మంత్రివర్గమే లేదు. యుద్ధవార్తల చరిత్రను క్రిమియాతో మొదలుపెట్టి నేరుగా అమెరికా అంతర్యుద్ధానికి వెళ్లే ఇంగ్లీషు గ్రంథాలలో ఈ మలుపు సాధారణంగా కనిపించదు.

8. లైసెన్సు దాకా

రాగ్లన్ పద్ధతి ఒక్కసారిగా అంతరించలేదు. 1861 జులైలో బుల్ రన్ వద్ద ఉత్తరాది సేనలు చెల్లాచెదురైన తీరును రాసినందుకు రసెల్ అమెరికాలో ద్వేషపాత్రుడయ్యాడు. మరుసటి వసంతంలో మెక్లెలన్ సైన్యం వెంట వెళ్లడానికి అనుమతి దొరకక స్వదేశానికి మరలాడు. క్రిమియాలోను, లక్నోలోను పోరాడిన గార్నెట్ వోల్స్‌లీ 1869లో సైనికుల కోసం రాసిన చేతిపుస్తకంలో విలేఖరులను సేనలకు కొత్తగా పట్టిన పీడగా నిందించాడు. అయితే అతనే విలేఖరిని వాడుకొనే మార్గాన్ని కూడా కనిపెట్టాడు. 1882 ఆగస్టులో ఈజిప్టులో అబూకిర్ కోటలపై దాడికి వెళుతున్నట్టు పత్రికలవారిని నమ్మించి, నౌకలను సూయజ్ కాలువ వైపు మళ్లించి ఇస్మాయిలియాను పట్టుకొన్నాడు. కాంప్‌బెల్ విలేఖరికి నిజం చెప్పి మౌనం కోరాడు. వోల్స్‌లీ అబద్ధం చెప్పి ప్రచారం కోరాడు. రెండింటికీ అవసరమైనది ఒకటే: విలేఖరి దగ్గరగా ఉండాలి.

1914లో యుద్ధమంత్రి కిచెనర్ విలేఖరులను ఫ్రాన్స్ యుద్ధరంగానికి రానివ్వకుండా మళ్లీ రాగ్లన్ కంటే కఠినమైన దారి పట్టాడు. ఆ నిషేధం ఎక్కువకాలం నిలవలేదు. 1855లో జరిగినదానికి మరో రూపం 1915 మే 14న కనిపించింది. ఫిరంగి గుండ్లు చాలడం లేదని ఆ రోజు 'ది టైమ్స్'లో వార్త రాసిన చార్లెస్ రెపింగ్టన్ యుద్ధరంగానికి వెళ్లినది విలేఖరి హోదాలో కాదు, సర్వసేనాని సర్ జాన్ ఫ్రెంచ్‌కు సొంత అతిథిగా. వివరాలు అందించినది ఆ సేనానే. తన ప్రభుత్వంపై పోరాడటానికి సేనాని పత్రికను వాడుకొన్నాడు. ఆ నెలలోనే ఆస్క్విత్ ఉదారవాద మంత్రివర్గం సంకీర్ణంగా మారింది. నౌకాదళాధిపతి ఫిషర్ రాజీనామాతో పాటు ఆ వార్త కూడా అందుకు కారణం. ఆ ఏడాదే బ్రిటిష్ ప్రధాన శిబిరంలో గుర్తింపు పొందిన విలేఖరులకు స్థానం కల్పించారు. వారికి అధికారుల యూనిఫారం, చేతికి ఆకుపచ్చ పట్టీ ఇచ్చారు. సెన్సారు అధికారులను వారితోపాటు ఒకే ఇంట్లో ఉంచారు.